పదకొండో ఫారం

లైబ్రరీ నేలమాళిగకు ఒకటే కిటికీ. అది సరిగ్గా వీధి మట్టానికి ఉంది. లోపల కూర్చున్నవాళ్లకు బయట నడిచే మనుషుల కాళ్లు తప్ప మరేమీ కనిపించవు. ఆ కాళ్ల కింద, గంజి జిగురు వాసనలో, ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఒకావిడ చినిగిన పుస్తకాలు విప్పి మళ్లీ కుడుతోంది. అందరూ ఆవిడను సూదక్క అంటారు. అసలు పేరు జీతం చీటీ మీద మాత్రమే ఉంటుంది.

సూదక్క తను కుట్టే పుస్తకాలు చదవదు. చదవడం రాక కాదు. కథలో పడితే సూది ఆగిపోతుందని. ఆమె చూపు పేజీ అడుగునే ఉంటుంది. పెద్ద కాగితం ఒకటి మడిస్తే పదహారు పేజీల కట్ట అవుతుంది. దాన్ని ఫారం అంటారు. ప్రతి ఫారం మొదటి పేజీ అడుగున చీమంత అంకె ఉంటుంది. ఒకటి, రెండు, మూడు అని వరస చూసుకుని కుట్టడమే ఆమె పని. "నా చేతిలో ఒక్క పేజీ అటూ ఇటూ అవలేదు" అనేది. గొప్పకు కాదు, వయసు చెప్పినట్టు మామూలుగా అనేది. ఆమెకు ఈ నెలాఖరుతో ఉద్యోగం అయిపోతుంది. వీడ్కోలు సభలో చదవడానికి కుర్ర లైబ్రేరియన్ ఆ మాటనే కాగితం మీద అందంగా రాసి పెట్టుకున్నాడు.

ఆ వారమే ఈత మాస్టారు మెట్లెక్కి వచ్చి పైన లైబ్రేరియన్ బల్ల మీద పుస్తకం టప్పున పడేశాడు.

పట్టణంలోని ఈత కొలనులో పిల్లలకు ఈత నేర్పే మాస్టారు ఆయన. మూడో బీరువా అడుగు అరలో ఉన్న సముద్రం నవలలు తప్ప ఇంకేమీ చదవడు. "నేల మీది కథలు నాకెందుకండీ, అవి రోజూ చూస్తూనే ఉన్నాంగా" అంటాడు. ఆయనకు ప్రాణమైన నవల 'అడుగు లేని ఊరు'. వెలుగు చేరని లోతులో కళ్లు లేని జలమానవులు ఉంటారు. నీటి వణుకును బట్టి ఒకరినొకరు గుర్తుపడతారు. వాళ్లలో ఒకామె తప్పిపోయిన చెల్లెలి కోసం వెతుకుతుంటుంది. పాత ప్రతి వీపు విరిగిపోవడంతో లైబ్రరీ కొత్తది తెప్పించింది. పాతది శనివారం చిత్తు కాగితాల్లోకి పోతుంది.

"ఏవయ్యా, కొత్త పుస్తకమని కోసేసిన పుస్తకం అంటగడతావా?"

"కోసేయడమేంటి మాస్టారూ! మీద కవరు విప్పింది కూడా మీరేగా."

"పదహారు పేజీలు లేవు. కథకి గుండెకాయ అవి."

"పేజీ నంబర్లు వరసగానే ఉన్నాయి కదండీ."

"నంబర్లదేముంది, నేనూ వేస్తాను నంబర్లు. ఆ చీకట్లో ఆవిడకి ఉన్నట్టుండి వెలుగు కనిపిస్తుందయ్యా! నుదుట దీపాలున్న మనుషులొస్తారు. పదహారు పేజీలు. తర్వాత మళ్లీ చీకటే. ఇందులో దీపాల్లేవు, ఏం లేవు. ఆవిడ ఏదో రాతిగోడ తడుముకుంటూ పోతుంది. కోపమొచ్చి ఆపేశా."

ఫిర్యాదుల పుస్తకంలో అరపేజీ రాసి మరీ వెళ్లాడు. లైబ్రేరియన్ రెండు ప్రతులూ కిందికి పంపాడు.

సూదక్క పాత ప్రతి తెరవగానే తన ముడిని గుర్తుపట్టింది. పదిహేడేళ్ల కిందట గొట్టం పగిలి మూడో బీరువా తడిసింది. సముద్రం నవలలన్నీ నీళ్లలో మునిగాయి. వాటిని విప్పి, ఫారాలన్నీ ఇక్కడే తాళ్ల మీద ఆరేసి, మళ్లీ కుట్టింది. అడుగున పదకొండు అనే అంకె ఉన్న చోట ఆగి, మొదటిసారి అంకె నుంచి కళ్లు పైకెత్తి చదివింది. నూట అరవయ్యో పేజీలో చెల్లెల్ని వెతికే ఆమెకు కళ్లు లేవు. నూట అరవై ఒకటిలో దీపం ఎత్తి చూస్తోంది.

పైకి వెళ్లి, అప్పుడు తడిసిన మూడో బీరువా పై అరలోంచి 'దీపాల మడుగు' అనే నవల తెచ్చింది. అదే ప్రెస్సు, అదే కొలత, అవే అక్షరాలు. ఫారం అంకె పక్కన పుస్తకం పేరు కూడా వేయడం ఆనవాయితీ, ఆ ప్రెస్సు వాళ్లు వేయలేదు. రెండు కథల్లోనూ మనుషులకు పేర్లు లేవు. ఇందులో దీపాల జనం పదకొండో ఫారంలో ఉన్నట్టుండి గుడ్డివాళ్లై రాతిగోడ తడుముతున్నారు. పదిహేడేళ్లలో ఆ పుస్తకం పదకొండు మంది తీసుకెళ్లారు. ఒక్కరూ ఏమీ అనలేదు. గొప్ప రచన కాబోలని ఊరుకున్నట్టున్నారు.

ప్రచురణకర్తలు మార్చారని ఒక్క మాట అంటే చాలు. శనివారంతో పాత ప్రతీ పోతుంది, తన తప్పూ పోతుంది. వీడ్కోలు కాగితం ఉన్నది ఉన్నట్టే ఉంటుంది.

ఆ సాయంత్రం అన్నం దగ్గర కూతుర్ని అడిగింది. "చిన్నప్పుడు ఈత నేర్పుతూ మాస్టారు మీ చేత పదహారు లెక్కపెట్టించేవాడు కదే, ఎందుకు?"

"అదా! నీళ్లలో మునిగితే చీకట్లో పదహారు పేజీల వెలుగుంటుంది, ఒక్కో అంకెకీ ఒక్కో పేజీ తిప్పండి అనేవాడు. నేను మూడో పేజీకే పైకొచ్చేసి నిన్ను పట్టుకుని ఏడ్చేదాన్ని, గుర్తు లేదూ?"

"తర్వాత?"

"తర్వాతేముంది, పదో పేజీ దాటాక పైకి రాబుద్ధయ్యేది కాదు. ఇప్పుడెందుకే అమ్మా?"

"ఏం లేదు. తిను, చల్లారిపోతోంది."

మర్నాడు మాస్టారికి కబురంపింది. ఆయన కిందికొచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"మాస్టారూ, మీ పేజీలు ఎవరూ కోయలేదు. నేనే తప్పు కుట్టాను" అని రెండు నవలలూ ముందు పెట్టింది.

ఆయన చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు. కిటికీలో కాళ్లు పోతున్నాయి, వస్తున్నాయి.

"అంటే ఆవిడ వెలుగు చూడనే లేదన్నమాట."

"లేదండీ. ఆ గోడ చివర చెల్లెలి చెయ్యి దొరుకుతుంది. రాత్రి చదివాను."

"మరి నేను ఇన్నేళ్లూ పిల్లలకి చెప్పిందంతా?"

"పిల్లలు మునిగారుగా. తేలారు కూడా."

ఆయన నవ్వలేదు. పాత ప్రతిని ఒళ్లో పెట్టుకుని, "చిత్తులోకి పోయేదే కదమ్మా. నాకిచ్చేయండి" అన్నాడు.

సూదక్క పైకి వెళ్లి ఫిర్యాదు కింద ఇలా రాసింది: 'కొత్త ప్రతిలో లోపం లేదు. పాత ప్రతిలో పదకొండో ఫారం నేను తప్పుగా కుట్టాను.' కింద అసలు పేరుతో సంతకం చేసింది.

లైబ్రేరియన్ నెత్తి పట్టుకున్నాడు. "ఇది రాయకపోతే కొంప మునిగిందా అక్కా? సభలో ఏం చదవను నేను?"

"ఉన్నది చదువు."

"ఒక్క ఫారం తప్ప ఏదీ అటూ ఇటూ కాలేదని చదవనా?"

"రెండు ఫారాలు. పుస్తకాలు రెండు కదరా."

శుక్రవారం 'దీపాల మడుగు' విప్పి కుట్టింది. అందులో దాని పదకొండో ఫారం లేదు. అది మాస్టారి పుస్తకంలో ఉంది. కాబట్టి ఆ పదహారు పేజీలు వేరే ప్రతి నుంచి నకలు తీయించి పెట్టింది. తర్వాత మాస్టారి ప్రతి చేతిలోకి తీసుకుంది. విరిగిన వీపు ఊడదీసి, పాత దారం లాగేసి, ఫారాలు వరసగా పేర్చింది. పది తర్వాత మళ్లీ దీపాల ఫారమే పెట్టింది. అడుగున అంకె చూసింది. పైన మొదటి వాక్యమూ చదివింది. తర్వాత సూదిలోకి దారం ఎక్కించింది.