గేట్ల మీది పాట

పొద్దున మా కాలనీ గ్రూపులో ఎవరో ఒక ఫోటో పెట్టారు. గేటు మీద సుద్దముక్కతో గీసిన గుండ్రటి గుర్తు. దొంగలు ఇళ్లకు గుర్తులు పెట్టి పోతున్నారు, జాగ్రత్తగా ఉండండి అని కింద ఒక హెచ్చరిక. నాకు మాత్రం మా అక్క ఆదివారం బడి గుర్తొచ్చింది.

అక్క టీచరుగా రిటైరయ్యాక శంషాబాద్‌లో మా ఇంటికొచ్చి ఉండిపోయింది. ఊరికే కూర్చోలేని మనిషి. ఆదివారాలు వీధిలోని పిల్లలందరినీ మా డాబా మీద పోగేసేది. మొదట వాళ్లకు తెలిసిన చ-భాషే అందుకుంది. ప్రతి అక్షరం ముందు ఒక 'చ' తగిలించి మాట్లాడటం. 'చనీ చళ్లు' అంటే నీళ్లు. కొన్నాళ్లకు మా ఇంట్లో నాకు టీ కూడా ఆ భాషలో అడిగితేనే దొరికేది. ఆ తర్వాత అక్షరాల స్థానంలో బొమ్మలొచ్చాయి. చేప అంటే నీళ్లు, మూసిన కన్ను అంటే నిద్ర. వాటితో పిల్లలు సొంతంగా పాటలు కట్టాలి.

వెనక వీధి టైలర్ కూతురు ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడేది. తెలుగులో నోరు విప్పితే తోటివాళ్లు నవ్వుతారని మూలన కూర్చునేది. బొమ్మలొచ్చాక ముందు వరసకు జరిగింది. బొమ్మలకు యాస ఉండదు కదా. ఒక వారం పాట కట్టే వంతు ఆ పిల్లది. ఈసారి గేటుకొక పాదం చొప్పున వీధంతా సుద్దతో రాయాలి, ఆదివారం అందరూ వెంట నడుస్తుంటే తనే చదివి వినిపించాలి. అప్పటిదాకా గుట్టు విప్పకూడదన్నది ఆట నియమం. అక్కకు కూడా చెప్పలేదు.

మొదటి పాదం మా గేటు మీదే ఉంది. ఒక విమానం, పక్కన మూసిన నోరు. మా వైపు విమానం నెత్తి మీదుగా పోతుంటే మాట ఆపేసి, అది దాటాక మళ్లీ అక్కడి నుంచే అందుకుంటాం. అలవాటైపోయి మేమెవరమూ పట్టించుకోని సంగతిని ఆ పిల్ల పట్టుకుంది. తర్వాతి గేట్ల మీది బొమ్మలు నాకు అంతుపట్టలేదు. ఎలాగూ వింటాం కదా అనుకున్నాను.

శనివారం సాయంత్రం నేను బజారు నుంచి వచ్చేసరికి గేట్లన్నీ కడిగి ఉన్నాయి. కాలనీ అధ్యక్షుడు, బకెట్ పట్టుకున్న వాచ్‌మన్ మా ఇంటి ముందే నిలబడ్డారు. అక్క వాళ్లను నిలదీస్తోంది.

"దొంగలు చేప బొమ్మలు ఏస్తరా తమ్మీ? పిల్లలు పాట రాసుకున్నరు."

"నాకేం తెలుసక్కా. ఆడోళ్లంతా పరేషాన్ అయితున్నరు. జర ముందుగాల ఒక మాట చెప్పొద్దా?"

"చెప్తే ఇగ అది రహస్యమెట్లయితది?"

"గా రహస్యమే కొంప ముంచింది" అని అధ్యక్షుడు తలగోక్కున్నాడు. చెడ్డవాడు కాదు. మర్నాడు పిల్లలకు తనే కొత్త సుద్దముక్కల డబ్బా పంపించాడు.

ఆదివారం పొద్దున ఆ పిల్ల వచ్చింది. తుడిచిన గేట్లు చూసుకుంటూ వీధి ఆ చివరిదాకా నడిచి, తిరిగొచ్చింది. అక్క దగ్గరకు తీసుకుని, "యాదికుందా బిడ్డా? మళ్ల రాద్దాం" అంది.

"యాదికుంది టీచర్. కానీ ఇగ చెప్ప."

ఆ తర్వాత డాబా ఎక్కలేదు. కొన్నాళ్లకు వాళ్లు అత్తాపూర్ వెళ్లిపోయారు. ఆదివారాలు పలచబడి, ఆగిపోయాయి. అక్క ఉన్నన్నాళ్లూ ఆ పాటలో రెండో పాదం ఏమై ఉంటుందా అని ఊహించుకుంటూనే ఉంది. గేట్లు కడిగినవాళ్లు ఒక్క పూట ఆగి ఉంటే వినేవాళ్లం. ఆ పూట దాటాక ఇన్నేళ్లు ఎదురుచూసినా వినలేకపోయాం.