స్లీపరు దూరంలో సుద్ద గీతలు

మా అమ్మ చెప్పినదాని ప్రకారం నేను పుట్టింది తెల్లవారుజామున నాలుగున్నరకి. ఆ వేళకి లోకం ఎలా ఉంటుందో ఒకసారి చూశాను కదా, ఇక చాలనుకున్నాను. ఆ తర్వాత నలభై రెండేళ్లపాటు ఆ టైముకి మళ్లీ కన్ను తెరవలేదు. ఎనిమిదో తరగతిలో చదువు మానేసినప్పుడు ఇంట్లో రకరకాల కారణాలు చెప్పాను గానీ, అసలు కారణం మా బడి మొదటి గంట ఏడింటికి కొట్టడమే. రాయ్‌పూర్ పక్కన ఉర్లాలో ఇనప పనుల ఫాబ్రికేషన్ షెడ్డులో పనికి కుదిరినప్పుడు కూడా సేఠ్‌ని నేనడిగిన మొదటి మాట జీతం గురించి కాదు, పొద్దున్న ఎన్నింటికి రావాలి అని.

అలాంటివాణ్ని ఇప్పుడు రోజూ నాలుగుంబావుకి లేస్తున్నాను. అలారం అక్కర్లేదు. స్కూటర్ మీద మా అక్క వాళ్లుండే గుఢియారీ వెళ్లి, రైల్వే గ్రౌండులో గోడ వెంట ఉన్న సిమెంటు బాట మీద గంటసేపు నడుస్తాను. పొట్ట తగ్గింది. షుగరు అదుపులోకి వచ్చింది. షెడ్డులో వాళ్లు, "ఉస్తాద్, ఈ వయసులో ఇంత మంచి అలవాటు ఎలా పట్టుబడింది?" అని అడుగుతారు. ఏదో ఒక జోకు వేసి తప్పించుకుంటాను. ఇక్కడ మాత్రం జోకు వెయ్యకుండా చెప్పాలని కూర్చున్నాను. పూర్తిగా నా వల్ల కాకపోవచ్చు.

మా బావ, అంటే మా అక్క భర్త, రైల్వేలో కీమేన్. ఆ ఉద్యోగం ఎరగనివాళ్ల కోసం చెబుతాను. పట్టాని స్లీపరుకి పట్టి ఉంచే ఇనప చీలలుంటాయి. బళ్లు పోయే అదురుకి అవి వదులవుతుంటాయి. కీమేన్ పొద్దున్నే తన వంతు లైను మీద ఆ కొస దాకా నడిచి, పక్క లైను మీద తిరిగి రావాలి. వదులైన చీల కనబడితే సుత్తితో కొట్టి బిగించాలి. భుజాన సుత్తీ పానా, చేతిలో ఎర్రజెండా పచ్చజెండా. ఎండైనా అంతే, వానైనా అంతే. శ్రీకాకుళం నుంచి గ్యాంగు పనికొచ్చిన వాళ్ల నాన్నదీ అదే బతుకు. మా బావ ముప్పై నాలుగేళ్లు నడిచాడు.

ఆ నడక వేరు. స్లీపరు మీంచి స్లీపరు మీదికి, కిందికి చూడకుండా, ఎప్పుడూ ఒకే కొలత అంగ. అక్కతో బజారుకి వెళ్లినా అదే అంగ. పాపం ఆవిడ సంచీ పట్టుకుని వెనకాల సగం నడకా సగం పరుగూ. "అక్కా, బండి స్పీడు మీదుంది, ఎర్రజెండా చూపించవే" అని నేను వెనకనించి అరిచేవాణ్ని. బావ తిరిగి చూడకుండానే, "నీకు జెండా ఏల్రా, నువ్వు ఎప్పుడూ యార్డులో పడుకునే బండివే కదా" అనేవాడు. నా మాటకి మాట అంటించగల మనిషి ఈ ఊళ్లో ఆయనొక్కడే.

రిటైరైన ఏడాదికి పక్షవాతం వచ్చింది. మాట వారంలో తిరిగొచ్చింది. ఎడమ చెయ్యి కొంత వచ్చింది. ఎడమ కాలు రాలేదు. ఆస్పత్రిలో కసరత్తు చేయించే అమ్మాయి మా ఇద్దరినీ నిలబెట్టి హిందీలో గట్టిగా చెప్పింది: మొదటి ఆరు నెలల్లో కాలు ఎంత తిరిగొస్తే అంత, ఆ తర్వాత కష్టం. రోజూ నడిపించాలి, మధ్యలో మానకూడదు.

ఇంటికొచ్చాక అక్క నన్ను పక్కకి పిలిచింది.

"ఒరే, పొద్దున్న నువ్వే రావాల. నా మోకాళ్లతో నాను ఆయన్ని పట్టుకోలేను. మా గుంటడు డూటీకి గూడ్సు బండెక్కితే రెండ్రోజులకి గానీ దిగడు."

"సాయంత్రం వస్తానే, డ్యూటీ దిగి అట్నుంచి అటే."

"సాయంత్రం గ్రౌండు నిండా జనాలే. ఆళ్ల ముందర కాలీడ్సుకుంటా నడవనంటన్నారు. చీకటుండగా ఎల్లి, తెల్లారేలోగా వచ్చీయాలంట."

ఊరికంటే ముందు లేచి ముప్పై నాలుగేళ్లు నడిచిన మనిషి ఆ మాట అంటే ఏమని కాదంటాను? సరేనన్నాను. రాత్రి పడుకోబోతూ మాత్రం, ఆరు నెలలంటే ఎన్ని పొద్దులో లెక్కేసుకుని దుప్పటి ముసుగు తన్నాను.

మొదటి వారం ఏమీ జరగలేదు. ఇంటి గేటు నుంచి గ్రౌండు దాకా ఒక చేత్తో ప్రహరీ గోడా, ఒక చేత్తో నన్నూ పట్టుకుని వచ్చేవాడు. సిమెంటు బాట మధ్యకి తెచ్చి వదిలితే కర్ర పట్టుకుని నిలబడిపోయేవాడు. కాలు లేచేది కాదు.

"బావా, సిగ్నల్ పడిందయ్యా, కదులు."

"కాలెక్కడెయ్యాలో తెలీడం లేదురా. అంతా ఒక్కలాగే ఉంది."

ఆ మాట నాకు షెడ్డులో పని చేస్తున్నంతసేపూ బుర్రలో తిరిగింది. ఇనప రేకు కోసే ముందు మేం సుద్ద బిళ్లతో కొలత గీస్తాం. ఆ బిళ్ల ఎప్పుడూ నా జేబులోనే ఉంటుంది. మర్నాడు పొద్దున్న బాట మీద వంగి, రెండడుగులకొకటి చొప్పున ఇరవై అడ్డగీతలు గీశాను. బావ టార్చి వెలుగులో వాటిని చూశాడు. చూసి మొహం చిట్లించాడు.

"ఎంతకి గీసినావు?"

"రెండడుగులు."

"మా లైను అలగుండదు. ఇంకో అంగుళంన్నర ఉండాల. చెరిపీసి మళ్లీ గియ్యి."

చెరిపి గీశాను. ఈసారి ఆయన గీతల వంక చూడను కూడా లేదు. ఎదురుగా చీకట్లోకి చూస్తూ కుడికాలు మొదటి గీత మీద వేశాడు. తర్వాత ఎడమకాలు లేచింది. కొంచెం ఈడ్చింది, కానీ లేచింది. రెండో గీత మీద పడింది. ఆ రోజు పదకొండు గీతలు నడిచాడు. పదకొండో గీత మీద ఆగి, "ఇక్కడ చీల వదులైందిరా, సుత్తియ్యి" అన్నాడు. ఇద్దరం ఆ చలిలో నవ్వుకున్నాం. ఆయన కళ్లలో నీళ్లు కూడా ఉన్నాయి గానీ, నేను చూడనట్టు టార్చి పక్కకి తిప్పాను.

ఆ కొలతకి షెడ్డులో ఒక ఇనప పట్టీ కోసుకున్నాను. రోజూ అది వేసుకుంటూ గబగబా గీతలు గీసేసి, తర్వాత బావని తీసుకొచ్చేవాణ్ని. రోజూ గియ్యాల్సిందే. మంచుకి కొన్ని పోయేవి, ఊడ్చేవాడి చీపురుకి కొన్ని, ఆవులు పడుకుని లేస్తే మిగతావి. నెల తిరిగేసరికి నలభై గీతలు. మూడో నెలలో నూట ఇరవై, అంటే గోడ పొడుగంతా. కసరత్తు అమ్మాయి కాలు పట్టి చూసి, ఇలాగే సాగితే కర్ర కూడా పారేయొచ్చంది. అక్క ఆ రోజు గారెలు వండింది.

ఒకరోజు బావ అన్నాడు, "రోజూ ఒంగుని గియ్యడం దేనికిరా? మీ షెడ్డులో ఎర్ర పెయింటుంటాది కదా, ఒక్కపాలి గీసీరాదా?"

"రెండు నెలల్లో గీతల్లేకుండానే పరిగెడతావు బావా. పెయింటు దండగ" అన్నాను.

మా పనిలో అంతే, ముందు సుద్దతో గీస్తాం, ఖాయమనుకున్నాకే చెరగని గుర్తు పెడతాం. ఆయనకి అదే చెప్పాను. చెప్పనిది ఒకటుంది. షెడ్డులో ఇనుముకి పూసే ఆ ఎర్రరంగు డబ్బాలు గోడ వారన వరసగా ఉండేవి. అడిగితే సేఠ్ కాదనేవాడు కాదు. కానీ పెయింటు వెయ్యాలంటే నా ఆదివారం ఒకటి పోతుంది.

జనవరిలో పొగమంచు పట్టింది. రాయ్‌పూర్ చలి పెద్ద చలి కాదంటారు, అలా అనేవాళ్లని పొద్దున్న నాలుగుంబావుకి రజాయిలోంచి లాగి చూడాలి. ఒకరోజు లేచి కూర్చున్నాను. కిటికీ బయట ఏమీ లేదు, తెల్లటి గోడలా పొగమంచు. అక్కకి ఫోన్ చేశాను.

"స్కూటర్ స్టార్టవడం లేదే. ఎంత కొట్టినా కిక్కు అందుకోవడం లేదు."

"పోన్లేరా, ఒక్కరోజుకేటి. రేపు రా" అంది.

స్కూటర్ మెట్ల కింద నిక్షేపంగా ఉంది. దాన్ని నేను ముట్టుకోనైనా లేదు. మర్నాడు ఫోన్ కూడా చెయ్యలేదు. అది మోగినట్టుంటే బోర్లా తిప్పి పెట్టాను.

తర్వాత జరిగింది నేను చూడలేదు. అక్క చెప్పిందీ, వీధిలోవాళ్లు చెప్పిందీ కలిపి రాస్తున్నాను. అక్క కుళాయి దగ్గర బిందెలు పెట్టుకుని ఉంది. బావ బూట్లేసుకుని, ఆడు గీతలు గీస్తుంటాడు, నాను ఎల్తన్నాను అని చెప్పి ఒక్కడూ బయల్దేరాడు. ప్రహరీ గోడ పట్టుకుని గ్రౌండు దాకా వెళ్లగలిగాడు. రెండు రోజుల కిందటి గీతలు మొదట్లో నాలుగైదు మిగిలి ఉన్నాయి కాబోలు, వాటి మీద నడిచాడు. తర్వాత లేవు. ఆ పొగమంచులో, ఉత్త సిమెంటు మీద, అక్కడే ఆగిపోయాడు. ముందుకి కాలు రాలేదు, వెనక్కి తిరగడానికీ రాలేదు. ఎవర్నీ పిలవలేదు. నేను వస్తాననే అనుకుని ఉంటాడు.

తెల్లవారింది. మంచు విడిపోయింది. నడకకి వచ్చినవాళ్లొచ్చారు, క్రికెట్ పిల్లలొచ్చారు. అందరూ చూశారు. చివరికి మండీ నుంచి కూరగాయలతో వస్తున్న రిక్షాబండివాడు ఆగి, "కా హోగే కకా?" అంటూ ఏమైందని అడిగాడట. ఆ మనిషి మంచివాడు. ఇద్దరి సాయంతో ఎత్తి, గోబీపువ్వుల గోనెల మధ్య కూర్చోబెట్టి, ఇల్లు కనుక్కుని మరీ దింపాడు. వీధంతా అప్పుడే గుమ్మాల్లో నిలబడి పళ్లు తోముకుంటోంది.

నాకు కబురు మధ్యాహ్నం తెలిసింది. షెడ్డు నుంచి నేరుగా వెళ్లాను. బావ మంచం మీద కూర్చుని ఉన్నాడు. అక్క వంటింటి గుమ్మంలో ఉంది. ఇద్దరూ మాట్లాడటం లేదు. ఆ నిశ్శబ్దానికి భయపడిపోయి నాకు తెలిసిన ఒకే ఒక్క పని చేశాను.

"ఏటి బావా, గోబీతో పాటు నిన్నూ తూచినాడా? ఏ రేటు పలికినావు?"

మాటకి మాట వస్తుందని ఎదురుచూశాను. ఏదైనా ఫరవాలేదు, తిట్టయినా సరే. ఆయన నా వంక చూశాడు.

"బూట్లిప్పు" అన్నాడు.

పొద్దుట్నుంచీ అక్కని ముట్టుకోనివ్వలేదట. కింద కూర్చుని లేసులు విప్పాను. ఎడమ బూటు మడమ దగ్గర తడి ఇంకా ఆరలేదు, అది మంచు తడి కాదు. ఆ బూట్లు మళ్లీ ఆయన వేసుకోలేదు.

మర్నాడు పని మానేశాను. ఎర్రరంగు డబ్బా, బ్రష్షు, ఇనప పట్టీ పట్టుకెళ్లి ఒక్కణ్నే కూర్చుని నూట ఇరవై గీతలూ వేశాను. చేతులు కడుక్కోకుండానే అక్క ఇంటికి పరిగెత్తాను.

"బావా, ఇవి మరి చెరగవు. ఒక్కసారి రా, చూద్దువు గాని."

"చూస్తాన్లే, ఎల్లు" అని గోడవైపు తిరిగాడు.

రెండు నెలలు రోజూ వెళ్లాను, చీకటుండగానే. అడిగాను, బతిమాలాను, అక్క చేత తిట్టించాను. ఆయనకి కోపం లేదు. అది ఉన్నా బాగుండేది. షెడ్డు గురించీ చలి గురించీ మాట్లాడేవాడు, టీ తాగమనేవాడు. కాలి మాటెత్తితే కళ్లు మూసుకునేవాడు. ఆరో నెల దాటేసరికి కాలు బిగుసుకుపోయింది. తర్వాత మంచం. పై చలికాలం ఛాతీలో కఫం పట్టి, నాలుగు రోజుల్లో పోయాడు.

పాడె మోసిన నలుగురిలో ముగ్గురు ఆయన పాత గ్యాంగువాళ్లే. ముగ్గురి అంగా ఒకటే. నా భుజం వైపు మాత్రం పాడె ఎగుడుదిగుడుగా ఊగుతూనే ఉంది. ముందున్న ముసలాయన వెనక్కి తిరక్కుండా, "అడుగు కలుపు బాబూ" అన్నాడు. ఎంత ప్రయత్నించినా కలవలేదు.

పన్నెండో రోజు అయిపోయాక ఒక పొద్దున్న నాలుగుంబావుకి దానంతటదే మెలకువ వచ్చింది. చేసే పనేమీ లేదు. అయినా స్కూటర్ తీశాను. ఒక్క కిక్కుకే స్టార్టయింది. గ్రౌండులో ఎర్రగీతలు అలాగే ఉన్నాయి. మొదటి దాని మీద కాలు వేశాను. నా అంగకి ఆ దూరం కొంచెం ఎక్కువ, సాగదీసుకుని వెయ్యాలి. చివరిదాకా వెళ్లి తిరిగి వచ్చాను. మర్నాడూ వెళ్లాను. నా అలవాటు పట్టుబడింది అలా. క్రికెట్ పిల్లలు ఆ గీతల్లో ఒకదాన్ని క్రీజు చేసుకున్నారు. వానలకి రంగు వెలిసిపోతే ఏటా ఒక ఆదివారం కూర్చుని మళ్లీ వేస్తాను.

నడక అయ్యాక అక్క ఇంటికి వెళ్లి టీ తాగి పనికి పోతాను. మొన్న అలాగే గుమ్మంలో కూర్చుని, ఆవిణ్ని కాస్త నవ్విద్దామనిపించి అన్నాను:

"చూసినావా అక్కా, మూడేళ్లయింది. పొగమంచైనా, వానైనా ఒక్కరోజు మానలేదు. బావ ఉండుంటే నాకు కీమేన్ ఉద్యోగం ఇప్పించీవోడు."

అక్క టీ గ్లాసు నా ముందు పెట్టింది. గేటు బయట నిలబెట్టిన నా స్కూటర్ వైపు చూసింది.

"అది ఎప్పుడు బాగు చేయించినావురా?" అంది.