మధ్యవర్తులు రావద్దు

మా జిరాక్స్ షాపులో రోజూ వందల కాగితాలు ప్రింటవుతాయి. ఎవరికేం ఇచ్చానో సాయంత్రానికే మరిచిపోతాను. ఒక్క కాగితం మాత్రం అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది: "ఈ ఇల్లు అమ్మబడును. తూర్పు ముఖం, నూట ఇరవై గజాలు, నల్లా ఉంది. మధ్యవర్తులు రావద్దు." చివరి ముక్క నా సొంత కవిత్వం. దాన్ని మిగతా అక్షరాల కంటే లావుగా పెట్టాను. బ్రోకర్లంటే నాకు ఒళ్లు మంట. అమ్మేవాళ్ల దగ్గర ఇల్లు పాతదంటారు, కొనేవాళ్ల దగ్గర పాతకాలపు గట్టి కట్టడమంటారు, ఇద్దరి దగ్గరా చాయ్ తాగుతారు.

ఆ ఇల్లు మా షాపుకు ఎదురుగా ఉండే ఉమారాణిది. నలభై ఆరేళ్ల మనిషి. అందులో ముప్ఫై ఏళ్లు ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టింది. భర్త పోయాక ఆ ఇంట్లో అత్త అంజవ్వ, ఆమె, ఇద్దరే. కొడుకు పోయిన ఏడాదికే అంజవ్వ ఆటో ఎక్కి బోధన్ రిజిస్ట్రేషన్ ఆఫీసుకు పోయి ఇల్లు కోడలి పేరున రాయించింది. "నేను పోయినంక దీన్ని ఎవడన్న ఎల్లగొడితె ఎట్ల నిఖితా?" అని మా షాపులో కాగితాలు తీయించుకుంటూ నాతోనే అన్నది. తర్వాత నడుం విరిగి నాలుగేళ్లు లోపలి చిన్న గదిలో, అదే అర్రలో, మంచం పట్టింది. ఉమక్క ఆమెకు చేసిన చాకిరీ కన్నకూతురు కూడా చేయదు. ఈ మాట ముందే చెప్తున్నాను, తర్వాత ఎవరూ నోరు జారకుండా.

పోయిన మాఘంలో ఒక పగటిపూట అంజవ్వ కన్నుమూసింది. ఎప్పుడు పోయిందని వచ్చినవాళ్లంతా అడిగితే, "నాలుగు గొట్టంగ. నా చేతులల్లనే పోయింది" అని చెప్పింది ఉమక్క. అయ్యగారు పంచాంగం తిరగేసి పెదవి విరిచాడు. ఆ రోజు మూడింటికి ధనిష్ఠ నక్షత్రం వచ్చిందట. అందులో చావు జరిగితే పంచకం పడ్డట్టు. ఆరు నెలలు ఆ ఇంట్లో దీపం పెట్టకూడదు, మనిషి ఉండకూడదు. మంచం, పరుపు ఎవరికో ఇచ్చేశారు. ఉమక్క ఇంటికి తాళం వేసి, చాట చంకన పెట్టుకుని మా షాపు వెనక గదిలోకి అద్దెకు వచ్చింది.

ఆరు నెలలయ్యాక శాంతి చేయించారు, తాళం తీశారు. కాని ఆ ఇంట్లో మళ్లీ కాపురం పెట్టే ఉద్దేశం ఆమెకు లేదు. పొద్దున లేవగానే ఆమె వేళ్లు తెరుచుకోవు. వేడినీళ్లలో ముంచి ఒక్కొక్కటే విప్పుకోవాలి. ఇంకో రెండేళ్లు చుడితే ఆ చేతులు అన్నం కలుపుకోవడానికి కూడా పనికిరావని డాక్టరు చెప్పాడు. వేల్పూర్‌లో వాళ్ల అక్క ఇంటి పక్కనే పసుపు, కారం పట్టే గిర్ని ఒకటి అమ్మకానికి వచ్చింది. దసరా దాకా ఆగుతానని దాని యజమాని మాటిచ్చాడు. ఇల్లు సరైన ధరకు పోతే గిర్ని వస్తుంది, పోకపోతే మళ్లీ చాటే. అంతే సంగతి.

మొదట ఒక బ్రోకరు తనంతట తానే వచ్చాడు. "పంచకం పడ్డ ఇల్లమ్మా. సగం ధర గూడ పలుకది. నాకు అప్పజెప్పు, ఊరుగానోనికి ఎవనికన్న చెప్పకుంట అంటగడత" అన్నాడు. నేనే అతన్ని తరిమేసి, ఉమక్కను ఎగదోసి ఆ కాగితం ప్రింటు తీశాను. ఇంటికి నా ఫోనుతో ఫోటోలు తీసి, అమ్మకాలు కొనుగోళ్ల వాట్సాప్ గ్రూపులన్నిట్లో పెట్టాను. ఇంటి మీద అప్పుల్లేవని ఈసీ తీయించాను, లింకు డాక్యుమెంట్లు వరసగా సర్దాను. "అడిగినదానికే జవాబు చెప్పక్కా, అడగనిది నువ్వెందుకు చెప్తవ్?" అని పాఠం కూడా చెప్పాను. బ్రోకరు ఉంటే అబద్ధాలన్నీ అతని నోటి నుంచి పోతాయి. లేనప్పుడు కొనేవాళ్ల మొహంలోకి చూసి ప్రతిదానికీ మనమే జవాబు చెప్పాలి. ఆ పని ఉమక్కకు ఎంత కష్టమో నాకు అప్పటికి తెలియదు.

మొదట చూడవచ్చింది నవీపేట్ నుంచి హన్మండ్లు, మక్కజొన్నల వ్యాపారి. పొద్దున పదిన్నరకు వచ్చాడు. గోడల్ని పిడికిలితో తట్టాడు, నల్లా తిప్పాడు, మిద్దె ఎక్కి దిగాడు. లోపలి అర్రలోకి ఆయన ఒక్కడే పోయాడు. తాళం తీసిన రోజు నుంచి ఉమక్క ఆ గడప దాటలేదు. నన్ను కూడా తోడుగా వాకిట్లోనే నిలబెట్టుకుంది. హన్మండ్లు బయటికొచ్చి చేతి గడియారం చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

"ఇంట్ల పెద్దమనిషి ఉన్నదని చెప్పకపోతిరి" అన్నాడు.

"ఎవరున్నరు?" అన్నాను.

"లోపల అవ్వ. టైమెంతైంది బిడ్డా అని అడిగింది. పదిన్నర అన్న. కాదు, రెండున్నర అన్నది. గంత గట్టిగ అనేసరికి నా గడియారమే ఆగిందేమో అనుకున్న."

నేను పోయి చూశాను. అర్రలో ఒక కిటికీ, గోడకు ఒక మేకు, అంతే. నేను బయటికొచ్చేసరికి నా మొహం ఎట్లా ఉందో గాని, హన్మండ్లు చెప్పులు తొడుక్కోకుండా చేతిలో పట్టుకుని బండి దాకా నడిచాడు. పొద్దున్నే మందు కొట్టి వచ్చాడని నోటికొచ్చినట్టు తిట్టాను. నా తిట్లకు ఎప్పుడూ నవ్వే ఉమక్క ఆ రోజు నవ్వలేదు.

నాలుగు రోజులకు నిజామాబాద్ నుంచి ఒక టీచరమ్మ భర్తతో వచ్చింది. ఆయన టేపు పెట్టి ముందు జాగా కొలుస్తుంటే ఆమె ఇల్లంతా తిరిగింది. అర్రలో నుంచి నవ్వుకుంటూ వచ్చి ఉమక్క చేయి పట్టుకుంది.

"మీ అత్తమ్మ మంచిగ మాట్లాడిందక్కా. రెండున్నరైంది, మా కోడలు చాట ముందటికెల్లి ఇంక లేవలేదా అని అడుగుతుంది. పాపం, ఎంతసేపటి సంది సూస్తుందో. ఒకసారి పోయి కలువు."

ఉమక్క నిలబడ్డచోటే కూలబడింది. ఎండకు కళ్లు తిరిగాయని చెప్పి టీచరమ్మను సాగనంపాను. అత్తమ్మ లేదని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. వీధి చివర ఎవరో చెప్పే ఉంటారు. తర్వాత నేను ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఆమె ఎత్తలేదు.

నేను దయ్యాలను నమ్మే మనిషిని కాను. అందుకే పంతం పట్టి మర్నాడు పట్టపగలు ఒక్కదాన్నే ఆ అర్రలోకి పోయాను, కొత్తగా ఫోటోలు తీద్దామని. కిటికీలోంచి ఎండ పడుతోంది. నేల ఊడ్చి శుభ్రంగా ఉంది. ఏమీ వినపడలేదు, ఎవరూ కనపడలేదు. నాలుగు మూలల నుంచి నాలుగు ఫోటోలు తీసి, గెలిచినట్టే బయటికొచ్చాను. వాకిట్లోకి వచ్చాక చూసుకుంటే మోచేయంతా సున్నం. గది నడుమ నుంచి నేరుగా పోకుండా గోడకు ఒరుసుకుంటూ తిరిగాను నేను. అంజవ్వ మంచం ఉన్నప్పుడు అట్లాగే తిరగాల్సి వచ్చేది. మంచం లేదని నా కళ్లకు తెలుసు. నా కాళ్లు మాత్రం ఎవరికో చోటు వదిలిపెట్టి నడిచాయి. భయపడ్డాను, చెప్పుకోవడానికి సిగ్గేం లేదు.

తిన్నగా ఉమక్క గదికి పోయి అడిగాను.

"అక్కా, ఈ రెండున్నరేంది?"

"నాకేం ఎరుక" అన్నది తలెత్తకుండా. ఆమె చేతిలో తునికాకు పర్రున చిరిగింది. ముప్ఫై ఏళ్లుగా చుట్టిన ఆ చేతిలో ఆకు చిరగడం నేను అంతకుముందు చూడలేదు.

ఊరికి నోరు పెద్దది. వారం తిరిగేసరికి ఇల్లు చూడడానికి వచ్చేవాళ్లు ఆగిపోయారు. ఫోన్లు మాత్రం వచ్చేవి, అవి కూడా ఆకతాయిల నుంచి, టైమెంతైందని అడగడానికి. బ్రోకరు మా షాపు ముందు బండి ఆపి మరీ నవ్వాడు. "నన్ను రావద్దంటిరి. మీ ఇంట్ల మధ్యవర్తి ముందుగాలనే కూసున్నది గద!" అన్నాడు. చేతిలో ఉన్న కాగితాల కట్ట అతని మీదికి విసిరాను. అది ఎవరిదో ఆధార్ జిరాక్సు. మళ్లీ తీసివ్వాల్సి వచ్చింది.

దసరాకు వారం ఉందనగా చక్రవర్తి, ఆయన భార్య బిందుమాధవి వచ్చారు. నిజాంసాగర్ కాలువ కింద పొలం ఉన్న క్యాంపు మనుషులు. వాళ్ల తాతలు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ చెరుకు వేసుకుని స్థిరపడ్డారు. కూతురి బడి కోసం టౌనులో ఇల్లు కావాలట. చక్రవర్తి కాగితాలన్నీ నిదానంగా చదివాడు. బిందుమాధవి వంటింటి కిటికీలు తెరిచి చూస్తోంది.

"ఇల్లు నచ్చిందండీ. మీరడిగిన రేటు కూడా తప్పు కాదు" అన్నాడు. "కానీ పెద్దావిడ పంచకంలో పోయారంట కదా. మా నాన్నగారికి తెలిస్తే గడప తొక్కనివ్వరు. సగానికైతే చెప్పండి, ఆయన్ని ఎలాగో ఒప్పించుకుంటాను."

సగమంటే గిర్ని పోయినట్టే. శాంతి చేయించామండీ అని నేను మొదలుపెట్టబోతే ఉమక్క చేయెత్తి ఆపింది. ఆమె చూపు అర్ర గుమ్మం మీదే ఉంది.

"నాలుగింటికి కాదు" అన్నది. "మా అత్త పోయింది రెండున్నరకు."

అరుగు వైపు చూపించి మళ్లీ మొదలుపెట్టింది.

"గా దినం మూడింటికల్ల కార్ఖానల బీడీలు అప్పజెప్పాలె. ముందటి దినం ఆలస్యమైందని వాపస్ పంపిండ్రు. నేను గీ అరుగు మీదనే కూసోని చుడుతున్న. టైమెంతైందే ఉమా అని అత్తమ్మ లోపల్నుంచి అడిగింది. దినానికి ఇరవై సార్లు అడుగుతది. రెండున్నర అని ఈడికెల్లే ఒర్రిన. మల్ల పిలిసింది. పలుకలే. ఇంకోసారి పిలిసింది. గప్పుడు గొంతుల గురగురమన్నది, ఆగింది. నా పెనిమిటి పోయిననాడు గదే సప్పుడు ఇన్న. నాకు ఎరుకైంది. ఎరుకయ్యి గూడ లేవలే. రెండు కట్టలే మిగిలినయి, అవి చుట్టిన. పోయి అప్పజెప్పిన. నాలుగింటికి వచ్చి సూస్తె కండ్లు తెరిసి గీ తలుపు దిక్కే సూస్తున్నది. అప్పుడు ఒళ్లె పెట్టుకున్న. అందరు వచ్చి అడిగితె, నా చేతులల్ల పోయిందని చెప్పిన."

కొంగుతో మొహం తుడుచుకుంది.

"మూడింటికి ధనిష్ఠ వచ్చిందని అయ్యగారు అన్ననాడే నాకు ఎరుక. నోరిప్పితె ఇల్లు బతుకుతుండె. నన్ను ఊరంత ఉమ్ముతుండె. ఇంటినే సంపుకున్న."

చక్రవర్తి అప్పటికే ఫోను తీసి పంచాంగం వెతుకుతున్నాడు. "రెండున్నరంటే శ్రవణమేనండీ! మూడింటి దాకా శ్రవణమే!" అన్నాడు. మొహం వెలిగిపోయింది. "అసలు పంచకమే పడలేదు. మా నాన్నగారికి ఇక అభ్యంతరమే ఉండదు. మీరడిగినంతా ఇచ్చేస్తాను, రేపే అడ్వాన్సు ఇచ్చి బయానా రాసుకుందాం."

నిజం చెప్పొద్దూ, నాకూ మొదట సంతోషమే కలిగింది. గిర్ని వచ్చేసినట్టేనని చప్పట్లు కొట్టబోయాను. ఒక మనిషి ఏడు నెలలుగా గుండెలో కుక్కుకున్నది తీసి ముందు పెడితే మేమిద్దరం నక్షత్రం చూసుకుంటున్నామని కాస్త ఆలస్యంగా తట్టింది. ఉమక్క ఒకసారి నా మొహం, ఒకసారి ఆయన మొహం చూస్తోంది. ఎవరో ఒకరు ఛీ అంటారని ఎదురుచూస్తోంది. మేం అనలేదు. చాకిరీ చేసిన నాలుగేళ్లు నా కళ్ల ముందున్నాయి, ఎట్లా అంటాను?

అప్పుడు లోపలి అర్రలో నుంచి బిందుమాధవి వచ్చింది. మేం మాటల్లో ఉండగా ఎప్పుడు పోయిందో చూసుకోలేదు. ఉమక్క ఉరికినట్టే ఆమె దగ్గరికి పోయింది.

"ఏమన్నదమ్మా?"

"ఎవరండీ?"

"మా అత్తమ్మ. టైం అడుగలేదా? నన్నేమన్న అన్నదా?"

బిందుమాధవి భర్త వైపు చూసింది. "లోపల ఎవరూ లేరండీ. గాలి బాగా వస్తోంది, పిల్లకి చదువుకోవడానికి బావుంటుంది."

ఉమక్క మొహంలో ఊరట కనపడుతుందనుకున్నాను. అది రాలేదు. గుమ్మం దగ్గర కాసేపు తటపటాయించి, ఏడు నెలల్లో మొదటిసారి ఆ అర్రలోకి కాలు పెట్టింది. "అత్తమ్మా" అని పిలవడం వినపడింది. కొంచెం ఆగి మళ్లీ పిలిచింది. చాలాసేపటికి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ముక్కు మొహం తెల్వనోళ్లందరితోని మాట్లాడింది నిఖితా" అన్నది. "నాతోని ఒక్క మాట మాట్లాడలే. తిడితె తిట్టనియ్యి, మొహం సూపిద్దామని పోయిన. పోయినంక లేదు."

చక్రవర్తి బయానా కోసం రేపు ఎన్నింటికి రమ్మంటారని అడుగుతున్నాడు. ఆమె వినలేదు. తిరిగి లోపలికి పోయి నేల మీద కూర్చుని, ఈసారి ఇంకొంచెం గట్టిగా పిలిచింది. మేం ముగ్గురం వాకిట్లో నిలబడ్డాం. పలికితే బావుండునని, దయ్యాలను నమ్మని నేను కూడా మొక్కుకున్నాను. ఎవరూ పలకలేదు.