హెస్టర్ గార్త్ కోయాల్సిన కేకు

యార్క్ పట్టణంలోని ఆ ఇంగ్లీషు నిఘంటువు కార్యాలయంలో ఎవరైనా ఒక మాట పని ముగిస్తే, ఆ శుక్రవారం టీ వేళకు కేకు ఉంటుంది. పక్క బల్లవాళ్ళు చేసి తేవాలి, ముగించినవాళ్ళు కోయాలి. కత్తి దిగిందంటే మాట ముగిసినట్టే.

హెస్టర్ గార్త్ పడుచుగా ఉన్నప్పుడు అక్కడ చేరింది. మొదటి రోజే ఆమెకు ‘రన్’ అనే మాట అప్పగించారు. “చిన్న మాటేనమ్మా, వేసవికల్లా అయిపోతుంది” అన్నాడు అప్పటి పెద్ద సంపాదకుడు. ఇప్పుడు ఆయన సమాధి రాయికి నాచు పట్టింది. హెస్టర్ ఇంకా రన్ దగ్గరే ఉంది.

మనిషి పరిగెత్తితే రన్. ముక్కు కారితే రన్. ఉతికిన చొక్కా రంగు దిగినా రన్. దుకాణం నడిపినా, కోళ్ళు తిరగడానికి కంచె వేసినా, బెదిరిన జనం డబ్బు కోసం బ్యాంకు మీద పడినా అదే మాట. ఎన్నికల్లో అమెరికావాళ్ళు రన్ అవుతారు, ఇంగ్లండువాళ్ళు మాత్రం నిలబడతారు. పుట్టుక చూద్దామంటే తల్లి ఒకతె కాదు. ఇక్కడి పాత మాట ఒకటి, ఓడల్లో దోపిడీకి వచ్చి ఇక్కడే కాపురం పెట్టిన ఉత్తర సముద్రం అవతలివాళ్ళ మాట ఒకటి, రెండూ కలిసిపోయాయి. ఏ పాలు ఎవరిదో తేల్చడానికే ఆమెకు రెండు చలికాలాలు పట్టింది.

ఒకప్పుడు రైల్వేలో పనిచేసే ఒకాయన ఆమెను పెళ్ళాడదామనుకున్నాడు. రైళ్ళ గురించి అతను నోరు తెరిచినప్పుడల్లా ఆమె చేతిసంచీలోంచి చీటీ తీసి రాసుకునేది. ఈస్టరుకల్లా అతను టోపీల దుకాణం అమ్మాయిని చూసుకున్నాడు. మంచి వాడుకలు దొరికాయని హెస్టర్ అతన్ని ఇప్పటికీ మెచ్చుకుంటుంది.

పక్క బల్ల ఆంబ్రోస్ క్విల్టర్‌ది. ఆయనకు ఎప్పుడూ నత్తగుల్లల పేర్లూ, ఎవరూ పెట్టుకోని టోపీల పేర్లూ వాటాకు వచ్చేవి. రెండు వారాలకో కేకు కోసేవాడు. ఆ కేకులన్నీ చేసింది హెస్టరే. ఆమెకు మిగిలిన కోరిక ఒక్కటే, పింఛను పుచ్చుకునేలోగా తన కేకు తాను కోయాలి. ఈ వేసవి దాటితే రన్ మరొకరి బల్ల మీదికి పోతుంది.

మే నెలలో ఆ శుక్రవారం రానే వచ్చింది. క్విల్టర్ జన్మలో మొదటిసారి పొయ్యి వెలిగించి పండ్ల కేకు చేశాడు. పిండి పోసిన టిన్ను చిన్నదైంది. పిండి ఒక పక్కన పొంగి, కారి, కొవ్వొత్తి మైనంలా గట్టిపడింది.

కోసే ముందు మాట అర్థాలన్నీ పైకి చదవాలి. చర్చిలో పెళ్ళి ప్రకటన చదివినట్టే, అభ్యంతరం ఉన్నవాళ్ళు అప్పుడే చెప్పాలి. కేకు ఎదురుగా ఉండగా ఇంతవరకు ఎవరూ నోరు విప్పలేదు. నత్తగుల్లలకైతే టీ చల్లారకముందే అయిపోయేది. హెస్టర్ కోళ్ళ కంచె దగ్గరికి వచ్చేసరికే టీ చల్లారి, మళ్ళీ కాచి, అదీ చల్లారింది. ఒకావిడ బస్సని లేచింది. ఒకాయన ఇంట్లో పిల్లి ఆకలితో ఉందన్నాడు. అతనికి పిల్లి లేదు.

“చివరిది చదివి కోసెయ్యండి, మిస్ గార్త్” అని బతిమాలాడు ఇప్పటి పెద్ద సంపాదకుడు డాక్టర్ పిమ్.

“మధ్యవాటికి కోపమొస్తుందండీ” అంది హెస్టర్.

చివరి అర్థం చదివేసరికి గదిలో ముగ్గురే మిగిలారు. “అభ్యంతరం ఉన్నవాళ్ళు ఇప్పుడే చెప్పాలి” అన్నాడు పిమ్ ఆవులిస్తూ. హెస్టర్ కత్తి ఎత్తింది.

“ఆ రన్ మాత్రం నాకుంచండి. పొద్దుట్నుంచీ దాని మీదే నా కన్ను” అన్నాడు క్విల్టర్.

కత్తి గాల్లోనే ఆగింది.

“ఏమన్నారు?”

“నేనా? ఏమీ అన్లేదే.”

“రన్ అన్నారు.”

“అదే, ఆ పక్కకి కారి గట్టిపడిందే... మా ఇంట్లో అలాగే అంటాం. మా అమ్మ అనేది, మా మేనత్తా అనేది.”

“మేనత్తది ఏ ఊరు?”

“నాకేం వినపడలేదు. నాకు చెవుడు, కావాలంటే వైద్యుడి చేత రాయించుకొస్తాను. కొయ్యండి!” అన్నాడు పిమ్.

“ఏ ఊరండీ?”

“లింకన్‌షైర్‌లో ఓ పల్లె. కొయ్యండి తల్లీ, మీకు పుణ్యముంటుంది! నా నోరు పడిపోను!”

కత్తికీ కేకుకీ మధ్య వేలెడు జాగా ఉంది. హెస్టర్ ఆ జాగా వంక కాసేపు చూసింది. తరువాత కత్తి కింద పెట్టి, ఆ గట్టి అంచును చేత్తో విరిచి నోట్లో వేసుకుంది. కత్తి తగల్లేదు కనుక మాట ముగియలేదు. నిదానంగా నమిలి, చీటీ తీసి రాసింది: ‘కాలేటప్పుడు టిన్ను అంచు దాటి పొంగి గట్టిపడిన కేకు భాగం.’ ఇంకాస్త నమిలి, ‘కరకరలాడును’ అని చేర్చింది.

“నా భాగం అది” అన్నాడు క్విల్టర్ నీరసంగా.

“మూడు నోళ్ళలో వినపడందే అర్థాన్ని చేర్చం కదండీ, డాక్టర్ పిమ్?”

“చేర్చం” అన్నాడు పిమ్. చెవుడు నయమైనట్టుంది.

“క్విల్టర్, మీకు అక్కలున్నారుగా?”

“ఇద్దరున్నారు. అయితే?”

“వచ్చే శుక్రవారం ఒకరినీ, పై శుక్రవారం ఇంకొకరినీ టీకి పిలవండి. ఎదురుగా కేకు పెడదాం. మనం అడక్కూడదు, వాళ్ళంతట వాళ్ళే అనాలి. రెండు కేకులూ మీరే చెయ్యండి. టిన్ను మాత్రం మార్చొద్దు.”

క్విల్టర్ బల్ల మీది కేకు వంక చూశాడు. “మరి దీన్నేం చేద్దాం?”

“మూత పెట్టండి. పండ్ల కేకు నిలవుంటుంది” అంది హెస్టర్, వేలికంటిన పొడి నాక్కుంటూ.