రంగు డబ్బాల్లో ఆరు టోకెన్లు

మా చిన్నప్పుడు... రంగు డబ్బా మూత తీస్తే లోపల కంపెనీ పెట్టిన టోకెను ఉండేది. రూపాయి బిళ్ళంత, ప్లాస్టిక్ కాగితంలో చుట్టి. ఇంటివాళ్ళకు దాని సంగతి తెలిసేది కాదు. అది పెయింటరుది.

మా నాన్న, సుబ్బారావు బాబాయి తెనాలిలో జంటగా రంగులు వేసేవారు. బాబాయి మాకు చుట్టం కాదు. ఒకే మేస్త్రి దగ్గర పని నేర్చుకున్నారు, అంతే. ఇద్దరి మధ్య ఒక కట్టుబాటు ఉండేది... ఒక డబ్బా నాన్న తెరిస్తే తర్వాతది బాబాయి తెరవాలి. మూత తీసినవాడిదే టోకెను. ఒకరి వంతు డబ్బా మీద ఇంకొకరు చెయ్యి కూడా వేసేవారు కాదు.

ఆ ఎండాకాలం కంపెనీ వాళ్ళు స్కీము పెట్టారు. ముప్పై టోకెన్లకు ఒక సైకిలు. ఒక ఆదివారం తెనాలిలో పెయింటర్ల మీటింగు, అక్కడే ఇస్తారు. ఆ రోజు దాటితే చెల్లవు.

నాన్న దగ్గర ఇరవై నాలుగు. బాబాయి దగ్గరా అంతే. ఆయనకూ నా ఈడు కూతురుంది. అప్పుడు ఇద్దరూ రేపల్లెలో ఒక పెద్ద ఇంటికి రంగులు వేస్తున్నారు. ఆరు డబ్బాలు మిగిలాయి. వంతుల ప్రకారం చెరి మూడు...

"ఇద్దరికీ సైకిలు రాదురా. చెరో చక్రం ఇమ్మని అడుగుదాం" అన్నాడు బాబాయి. నాన్న పగలబడి నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. ఆ సైకిలు నాకు కావాలి. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. సెలవులని రోజూ వాళ్ళతో రైల్లో వెళ్ళేవాణ్ణి. మీటింగుకు ముందు శుక్రవారం మధ్యాహ్నం వాళ్ళిద్దరూ అన్నాలు తిని నడుం వాల్చారు. బాబాయి తలకింద పెట్టుకున్న చొక్కా జేబులోంచి సామాన్ల గది తాళంచెవి తీసుకుని వెళ్ళాను. గరిటె కాడతో ఆరు మూతలూ లేపాను. ఆరు టోకెన్లూ నిక్కరు జేబులో వేసుకున్నాను. సుత్తితో కొడితే గానీ ఆ మూతలు బిగుసుకోవు. చప్పుడవుతుందని చేత్తో అదిమి వదిలేశాను. తాళంచెవి మళ్ళీ జేబులో పెట్టేశాను.

మర్నాటికి ఆరు డబ్బాల్లోనూ రంగు మీద తొక్క కట్టింది. వడగట్టి వాడుకోవచ్చు. కానీ ఇంటాయనకు కావాల్సింది దొంగ. "నా ఇంట్లో ఇదేం పనయ్యా?" అని వీధిలోకి వినపడేట్టు అరిచాడు. గోడ అవతల నలుగురు చేరారు.

నాన్న వంగి డబ్బాల్లోకి చూశాడు. తర్వాత బాబాయి వైపు తిరిగాడు.

"నా వంతువి కూడా ఎత్తావేంట్రా, సుబ్బారావ్?"

"నేనా? నోరు జారమాక."

"తాళంచెవి నీ దగ్గరేగా ఉంది!"

"ఉంటే దొంగనైపోతానా? నీ సైకిలు పిచ్చి నాకు తెలవదా? ముందు నీ జేబు చూపించరా!"

నలుగురూ నవ్వారు. ఆ నవ్వుకు నాన్న మొహం మారిపోయింది.

రంగు కలిపే కర్ర తీసి బాబాయి మొహాన కొట్టాడు. పెదవి చీలి బాబాయి బనీను తడిసిపోయింది. బాబాయి ఖాళీ డబ్బా అందుకుని నాన్న తల మీద మోదాడు. దాని అంచు చెవి పక్కన తెగింది. ఇద్దరూ కలబడి నిచ్చెనకు గుద్దుకున్నారు. నిచ్చెన పడింది, దాని మీద వాళ్ళు పడ్డారు. రంగు ఒలికింది. జారుతూ, లేస్తూ, మళ్ళీ కొట్టుకుంటూ... ఒకరి గొంతు ఒకరు పట్టుకున్నారు. ఎవరూ ఆపలేదు. ఇంటాయన గడప మీద నుంచుని చూస్తున్నాడు.

నాన్న బాబాయి మీదికెక్కాడు. బాబాయి కుడిచెయ్యి గచ్చు మీద మోకాలితో తొక్కిపెట్టి కర్ర ఎత్తాడు.

అప్పుడు అరిచాను. "నాన్నా... నేనే తీశాను! నేనే!"

కర్ర ఒక్క క్షణం పైనే ఆగింది. తర్వాత మణికట్టు మీద పడింది. ఆ చప్పుడు రాయలేను.

రైల్లో వస్తుంటే నాన్న నావైపు చూడలేదు. నన్ను ఏమీ అడగలేదు. టోకెన్లు నేను కిటికీలోంచి పారేశాను. ఆదివారం నాన్న చెవికి కట్టుతో మీటింగుకు వెళ్ళి, కంపెనీ టోపీ, బిర్యానీ పొట్లం తెచ్చాడు. ఎవరం తినలేదు. బాబాయి సంసారం ఎత్తుకుని బాపట్ల వెళ్ళిపోయాడని తర్వాత తెలిసింది. నాన్న మళ్ళీ ఎవరితోనూ జంట కట్టలేదు. పోయేవరకూ ఆ మాట ఎత్తలేదు. నా అరుపు ఆ గొడవలో ఆయనకు వినపడలేదేమోనని ఇన్నేళ్ళూ సర్దిచెప్పుకున్నాను.

ఇప్పుడు బాపట్లలో నాకు చిన్న రంగుల కొట్టు ఉంది. పోయిన నెల ఒక ముసలాయన వచ్చి లీటరు డబ్బా తీసుకుని, ఫోను నా ముందు పెట్టాడు. "డబ్బా మీది పాయింట్ల కోడు నువ్వే కొట్టు బాబూ, నా చెయ్యి నిలవదు" అన్నాడు. వంకర మణికట్టు చూశాను. నేనెవరో చెప్పాను.

స్టూలు లాక్కుని కూర్చున్నాడు. నాన్న పోయాడని చెప్తే తల ఊపాడు. నేను ఆగలేక అడిగేశాను.

"ఆ రోజు నేను అరిచింది నాన్నకు వినపడిందా, బాబాయ్?"

"ఇద్దరికీ వినపడిందిరా. నా కళ్ళల్లోకి చూశాడు. చూసే కొట్టాడు."

"మరెందుకు?"

"అక్కడ ఆపితే, అప్పటిదాకా కొట్టిందంతా తప్పని అంతమంది ముందు ఒప్పుకోవాలిగా." డబ్బా ఎడంచేత్తో తీసుకున్నాడు. "ఆ కర్ర నా చేతిలో ఉన్నా నేనూ కొట్టేవాణ్ణేమోరా."

ఇప్పుడు టోకెన్లు ఎక్కువగా కనపడవు. పాయింట్లు ఎవరి ఫోనులో వాళ్ళకు పడతాయి, ఎవరి వంతు అని అడిగేవాళ్ళు లేరు. జంటగా వచ్చే పెయింటర్లు కూడా తగ్గిపోయారు... మీ ఇంటి గోడలకు అప్పట్లో రంగులు వేసిన మనుషుల పేర్లు గుర్తున్నాయా? గుర్తుంటే కింద రాయండి.