కుక్క పెట్టెను కోడికిచ్చిన వైనం

చేతిలోకి కొత్తగా సెల్‌ఫోను వచ్చిన ఆ రోజుల్లో, లోకంలో ఏ అన్యాయమూ నాకు తెలియకుండా జరగడానికి వీల్లేదని నా గట్టి నమ్మకం. వయసు పద్దెనిమిది, ఉండేది విజయవాడ భవానీపురం. కోపం నా ముక్కు మీద ఉండేది కాదు, ముక్కుకంటే ఒక అడుగు ముందు నడిచేది. ఫ్రీ మెసేజ్‌ల ప్యాక్ వేయించుకుని, ఆ మెసేజ్‌లన్నీ పోట్లాటలకే వాడేసిన ఘనత నాది. (మా నాన్న రీచార్జ్ చేయించింది ఫోనుకి కాదు, నా కోపానికి.)

మాతోపాటే ఉండే మా బాబాయికి ముప్పై దాటాక చూపు పోయింది. ఓ ఆఫీసులో టెలిఫోన్ ఆపరేటర్. ఒక్కసారి విన్న గొంతుని ఏడాది తర్వాత కూడా పేరు పెట్టి పలకరించేవాడు. అంతటి మనిషినీ రెండు వీధుల అవతలున్న ఆఫీసుకి నాన్నే స్కూటర్ మీద దింపాలి. ఆరేళ్లుగా అదే తంతు. "ఒక్కణ్ణే నడిచెళ్లి సీట్లో కూర్చోవాలి తల్లీ. ఇంకేం కోరికల్లేవు నాకు" అనేవాడు. ఆ కోరిక తీర్చడానికే బెంగుళూరులో కుక్కలకి శిక్షణ ఇచ్చే ఓ స్నేహితుడి దగ్గర, చూపులేనివాళ్లకి దారి చూపడం నేర్చుకుని వచ్చింది రాణి, నల్లటి లాబ్రడార్. ఇంట్లో దానికంటూ ఒక పెట్టె ఉండాలని ఆ స్నేహితుడు ఫోన్లో మరీమరీ చెప్పాడు.

వడ్రంగి సాయిబుగారు వచ్చి, పెళ్లికూతురికి జాకెట్టు కొలతలు తీసినంత శ్రద్ధగా రాణికి కొలతలు తీశారు. "నించోవాల, తిరగాల, కాళ్లు చాపుకుని పడుకోవాల. ఒక్క మేకు గుచ్చుకుందంటే నా పనిముట్లు కాలవలో పారేస్తానండీ" అన్నారు. పెట్టె తెచ్చాక లోపలంతా ఆయన అరచేత్తో ఒకసారి, బాబాయి ఒకసారి తడిమి చూశారు. ఆ ఇద్దరూ అలా చెక్కని నిమురుతుంటే ఎంత ముచ్చటగా ఉందో అని ఇప్పుడనిపిస్తుంది. అప్పుడు నాకు కనపడింది ఒక్కటే: జైలు.

"పాపం, నోరులేని జీవాన్ని బోనులో పెడతారా!" అని ఫ్రెండ్స్ అందరికీ మెసేజ్‌లు కొట్టాను. మూడు వారాలు ఇంట్లో వాదించాను. ఎవరూ వినలేదు. ఇంతలో కంకిపాడు నుంచి మా మేనత్త ట్రాలీ ఆటోలో బియ్యం బస్తాలు వేసుకుని వచ్చింది. పెట్టె చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "ఏమే, ఎంత బావుందే గూడు! నా కోళ్లకి ఇట్టాంటిదుంటే పిల్లి బాధ తప్పుద్ది" అంది. "తీసుకుపో అత్తా" అన్నాను. బాబాయి ఆఫీసు నుంచి వచ్చేసరికి రాణి స్వతంత్ర పౌరురాలు.

ఆ రాత్రి రాణిని నేనే పడుకోబెడతానని బాబాయికి చెప్పాను; అది నా మంచమెక్కి పడుకుంది. విజయగర్వంతో ఫోటో తీశాను. (నా ఫోన్ కెమెరాలో నల్ల కుక్క నల్ల మచ్చలాగా పడింది.) మర్నాడు సాయంత్రం మా వీధిలో వినాయకుడి ఊరేగింపు. డప్పులు, ఆపైన టపాకాయల దండ. రాణి ఒక్క ఉరుకున హాల్లో మూలకి పరిగెత్తింది. పెట్టె ఉండే మూల అది. అక్కడ గుండ్రంగా తిరుగుతోంది, గోడని గీరుతోంది, వణుకుతోంది. బాబాయి ఆ చప్పుడు విని చెయ్యి చాపితే ఖాళీ నేల తగిలింది.

"పెట్టె ఏదే?"

"అత్తకిచ్చేశా. జైల్లో పెట్టడం తప్పు బాబాయ్!"

ఆయన అరవలేదు. "నీకు కోపమొస్తే ఏం చేస్తావ్?"

"గదిలోకెళ్లి తలుపేసుకుంటా."

"మరి దాని గదేదమ్మా? నిద్రపోయేప్పుడు తప్ప ఆ తలుపు ఎప్పుడూ తీసే ఉంటది. అది లోపలికి దానంతటదే ఎల్లేది. ఎప్పుడన్నా చూశావా?"

చూడలేదు. చూడటానికి తల ఎత్తాలి కదా, ఫోన్లోంచి.

ఆ తర్వాత రాణికి సరిగా నిద్ర లేదు. వీధిలో స్కూటర్ హారన్ కొడితే బాబాయిని పక్కకి లాగేసేది. సోమవారం బాబాయి మొదటిసారి ఒంటరిగా ఆఫీసుకి వెళ్లాల్సింది కాస్తా ఆగిపోయింది. నేను కంకిపాడు బస్సెక్కాను. మేనత్త నన్ను పెట్టె దరిదాపులకి కూడా రానివ్వలేదు. "పెట్ట పొదుక్కూర్చుందే! ఇప్పుడు కదిపితే గుడ్లన్నీ మురిగిపోవూ? ఇంకా పదహార్రోజులాగు. మీ బాబాయికి నే చెప్తాలే."

"కొత్తది చేయిస్తా" అని ఏడుస్తూ ఫోన్ చేస్తే బాబాయి నవ్వాడు. "దానికి దాని వాసనున్నదే కావాల. ఆరేళ్లాగినోణ్ణి, పిల్లలు లేచేదాకా ఆగలేనా? అందాకా నన్ను నువ్వు నడిపించు."

నడిపించాను. ఆయన నా మోచెయ్యి పట్టుకుని నడిచేవాడు. మొదటి రోజు మెసేజ్ చదువుతూ కరెంటు స్తంభానికి కొట్టించాను. రెండో రోజు మురిక్కాలవలోకి దింపాను. మూడో రోజు చెప్పు దులుపుకుంటూ, "ఫోను చూడకుండా నడిచే జీవం కావాలనే గదా తల్లీ, కుక్కని తెచ్చుకుంది" అన్నాడు. నాలుగో రోజు ఫోను ఇంట్లో పెట్టేసి వచ్చాను.

పదకొండు పిల్లలు లేచాక పెట్టె వచ్చింది. ఎంత కడిగినా కాస్త కోడి వాసన. రాణి మూలమూలా మూచూసి, లోపలికెళ్లి రెండుసార్లు తిరిగి, పెద్ద నిట్టూర్పు విడిచి ముడుచుకుంది. తలుపు ఎవరూ వెయ్యలేదు.

పది రోజుల తర్వాత బాబాయి రాణితో ఒక్కడే బయల్దేరాడు. ఎవరూ వెంట రాకూడదన్నాడు. నేను కాస్త దూరంలో చెప్పుల్లేకుండా నడిచాను. మలుపులో ఓ లారీ వెనక్కి వస్తోంది. అరవబోయాను. అప్పటికే రాణి ఆగిపోయింది, ఆయనా ఆగాడు. లారీ వెళ్లాక ఇద్దరూ రోడ్డు దాటి, ఆఫీసు గేట్లోకి వెళ్లిపోయారు. ఆయన నడకలో అంత నిటారుతనం నేనెప్పుడూ చూడలేదు. ఇవతల నిలబడి చూసుకుంటే, ఆయన పట్టుకోవడానికని అలవాటైన నా మోచెయ్యి ఇంకా అలాగే వంగి ఉంది.

ఇంటికొచ్చి, ఎవరి మీదా విసుక్కోకుండా, పెట్టిన అన్నం పెట్టినట్టు తిన్నాను. అమ్మ కంగారుగా వచ్చి, జ్వరమేమోనని నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.