ముక్కుపొడంత విత్తనం

ఫ్యాక్షన్ రోజుల్లో, నా కోసం జీపులో వచ్చిన ఎనిమిది మందిని ఒంటిచేత్తో వెనక్కి పంపినవాణ్ణి నేను. ప్రొద్దుటూరి నర్సరీ మామ ఇప్పుడు లేడు గనుక ఇంత ధైర్యంగా చెబుతున్నాను.

ఇళ్ల ముందు అందానికి నాటుకునే నీలగిరి మొక్కల్ని, వెండి రంగు గుండ్రటి ఆకులవాటిని, ఆయన విత్తనం వేసి పెంచేవాడు. ముక్కుపొడంత సన్నటి విత్తనం. ఇసుకలో కలిపి ట్రేలో చల్లేటప్పుడు మూతికి తువ్వాలు కట్టుకుని, ఎవరొచ్చినా ఒకే మాట అనేవాడు: "ఊపిరి బిగబట్టప్పా, నా చెట్లు ఎగిరిపోతాయి."

ఆ రోజుల్లో ఒకసారి ఎన్నికల్లో నేను ఒక పార్టీకి బూత్ ఏజెంటుగా కూర్చున్నాను. మరునాడు నర్సరీలో కబుర్లాడుతుండగా అవతలి పార్టీ జీపు వచ్చి ఆగింది. నిజానికి దిగింది ముగ్గురే. నేను ఎదురు నిలవనూ లేదు. మామ వెనక మొక్కల మడిలో చతికిలబడ్డాను.

ఒకడు నోరు తెరవబోయాడు. ట్రేలో విత్తనం చల్లుతున్న మామ తలెత్తకుండానే, "ఊపిరి బిగబట్టప్పా" అన్నాడు. మీసాలవాళ్లు ముగ్గురూ బుగ్గలు పూరించి, ట్రే నిండేదాకా అలాగే నిలబడ్డారు. తర్వాత మామ వాళ్లను పక్కకు తీసుకుపోయి ఏదో చెప్పాడు. జీపు పులివెందుల దారి పట్టింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"నా పానం కాపాడినావు మామా!" అని కాళ్ల మీద పడబోయాను.

మామ తువ్వాలు విప్పాడు.

"నీ పానం ఎవరికి గావాల్రా? వాళ్లు కొత్తింటి ముందర నాటను మొక్కలకు వచ్చినారు. ఇంకా ఎదగలేదు, నెల తాళి రాండని అబద్ధం చెప్పి పంపితి. ల్యా పైకి, వాళ్ల మొక్కల మీదనే కూసోనుండావు!"